అటకలో ఫ్యాన్లు బిగించే ముందు

ప్రశ్న: మాది మేడ ఇల్లు. పైఅంతస్తు మీద వాలు కప్పు ఉంది. చెక్క పలకలు కొట్టించి వాటి మీద ముదురు రంగు పెంకులు పరిపించాము. ఆ కప్పుకూ గదుల జిప్సం సీలింగుకూ నడుమ 36 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, మధ్యలో మనిషి నిలబడేంత ఎత్తు ఉన్న అటక ఉంది. ఈ వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలకు బయట నీడలో 41 డిగ్రీలు ఉండగా అటకలో 56 డిగ్రీలు చూపింది. పైగదులు రాత్రి పదకొండు దాటితే గానీ చల్లబడవు. అటకకు రెండు చివర్ల ఉన్న త్రికోణపు గోడల్లో ఒక్కొక్క చిన్న గాలి కంత తప్ప వేరే మార్గం లేదు. రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగిస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నారు. ఒకటి కొని తెచ్చాను కూడా, పెట్టె ఇంకా విప్పలేదు. బిగించమంటారా? అసలు అటకకు ఎంత గాలి కావాలి, కంతలు ఎక్కడ పెట్టాలి?

సమాధానం: పెట్టె విప్పకుండా ఉంచినందుకు సంతోషం. ఇంకొన్నాళ్లు అలాగే ఉంచండి. మీ అటకకు గాలి చాలడం లేదన్నది నిజమే, దానికి మార్గం కింద చెబుతాను. అయితే మీ పైగదులను రాత్రి పదకొండు దాకా వేధిస్తున్న వేడిలో పెద్ద భాగం గాలి ద్వారా వచ్చేది కాదు కాబట్టి, ఎంత బలమైన ఫ్యాను పెట్టినా దాని జోలికి పోలేదు.

ఈ మాట నమ్మడానికి ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అటక మూత తీసి, నిచ్చెన మీద నిలబడి తల మాత్రం లోపలికి పెట్టి, ముఖాన్ని కప్పు వైపు ఎత్తండి. పొయ్యి ఎదుట కూర్చున్నట్టు సెగ తగులుతుంది. ఇప్పుడు ముఖానికీ కప్పుకూ మధ్య ఒక అట్ట ముక్క అడ్డం పెట్టండి. చుట్టూ ఉన్న గాలి అదే 56 డిగ్రీల గాలి, ఉక్క అదే ఉక్క, కానీ సెగ ఆ క్షణంలోనే ఆగిపోతుంది. అటకలో ఉన్నవి ఈ రెండూ వేర్వేరు వేడులు. ఉక్క గాలిలో ఉంటుంది, గాలిని మారిస్తే పోతుంది. సెగ మాత్రం కాలిన చెక్క పలకల అడుగు నుంచి సూటిగా ప్రయాణించి సీలింగు మీద పడుతుంది. మధ్యలో గాలి కదులుతున్నదా, నిలిచి ఉన్నదా అన్నది దానికి పట్టదు.

లెక్క వేస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముదురు రంగు పెంకుల కింద చెక్క అడుగుభాగం ఎండవేళ 65 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. సీలింగు పైభాగం 45 డిగ్రీల వద్ద ఉందనుకుంటే, ఆ రెండింటి నడుమ సెగ రూపంలోనే చదరపు మీటరుకు దాదాపు 130 వాట్లు కిందికి దిగుతాయి. మీ అటక 900 చదరపు అడుగులు, అంటే సుమారు 84 చదరపు మీటర్లు. మొత్తం పదకొండు కిలోవాట్లు. వెయ్యి వాట్ల హీటర్లు పదకొండింటిని వరుసగా పైన వేలాడదీసి మూతులు కిందికి తిప్పినట్టు ఊహించుకోండి. ఇది ఎండ తీవ్రంగా ఉన్న గంటల లెక్క మాత్రమే, అందులో కొంత మళ్లీ అటక గాలిలో కలిసిపోతుంది కూడా. అయినా సీలింగు మీద పడే భారం ఎంతటిదో తెలుసుకోవడానికి ఇది చాలు. సాయంత్రమయ్యేసరికి కప్పు చల్లబడుతుంది గానీ, పగలంతా సెగ తాగిన సీలింగు, దూలాలు, గోడల పైవరసలు ఆ వేడిని గదుల్లోకి వదులుతూనే ఉంటాయి. పదకొండు గంటల రహస్యం అదే.

ఇక గాలి సంగతి. అటకలోని వేడి గాలి తేలికపడి పైకి లేస్తుంది. పైన దారి ఉంటే బయటికి పోతుంది, కింద దారి ఉంటే దాని స్థానంలోకి బయటి గాలి వస్తుంది. ఈ రెండు దారుల్లో ఏది లేకపోయినా రెండోది ఉండి ప్రయోజనం లేదు. దీన్ని నడిపించే బలం కూడా చాలా స్వల్పం. పై కంతకూ కింది కంతకూ ఆరడుగుల ఎత్తు తేడా, లోపలికీ బయటికీ 15 డిగ్రీల తేడా ఉన్నప్పుడు పుట్టే ఒత్తిడి ఒక పాస్కల్ కూడా ఉండదు. అందుచేతనే ఆకు కదలని మధ్యాహ్నాల్లో, అంటే మీకు అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే, సహజంగా నడిచే గాలి మందగిస్తుంది. మీ అటక కొలతలకు ఈ కింద చెప్పబోయే పెద్ద కంతలే పెట్టినా, గాలి వీచనప్పుడు అవి బయటికి మోసుకుపోగల వేడి రెండున్నర కిలోవాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. గాలి వీస్తే ఇంతకంటే చాలా ఎక్కువే పోతుంది. ఎలా చూసినా ఒక హద్దు మాత్రం దాటదు: బయటి గాలి 41 డిగ్రీలున్నప్పుడు ఆ గాలితో అటకను 41 కంటే తక్కువకు దింపడం సాధ్యం కాదు.

అటువంటప్పుడు బలవంతంగా గాలిని లాగే ఫ్యాన్లే మేలు కదా అని మీకు అనిపించవచ్చు. లాగే మాట నిజమే. లాగిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నదే చిక్కు. నిమిషానికి 1500 ఘనపుటడుగుల గాలిని తోసే ఒక ఫ్యానుకు, అడ్డంకులు తీసివేయగా మిగిలే నికరమైన ఖాళీ ఐదు చదరపు అడుగులైనా ఉండాలన్నది ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. రెండు ఫ్యాన్లకు పది చదరపు అడుగులు. మీ త్రికోణపు గోడల్లోని రెండు చిన్న కంతలు ఆ దరిదాపుల్లోకి కూడా రావు. పైగా ఫ్యాను బిగించడానికి వాటిలో ఒకదాన్ని వాడుకుంటారు. అప్పుడు ఫ్యాను తనకు కావలసిన గాలిని సీలింగులోని సందుల గుండా, అంటే దీపాల చుట్టూ ఉన్న ఖాళీల నుంచి, వైర్లు పైకి వెళ్లిన రంధ్రాల నుంచి, అటక మూత అంచుల నుంచి, మీ గదుల్లో నుంచే పీల్చుకుంటుంది. గదిలో ఏసీ ఉంటే డబ్బు పెట్టి చల్లబరచిన గాలి అటక మీదుగా వీధిలోకి పోతుంది; దాని స్థానంలో కిటికీ సందుల గుండా వేడిగాలి లోపలికి వస్తుంది. పైఅంతస్తులో గొట్టం ద్వారా పొగను బయటికి వదిలే గ్యాస్ గీజరు ఉన్నట్లయితే ఇది కేవలం ఖర్చు విషయం కాదు. ఇంట్లో ఒత్తిడి తగ్గినప్పుడు ఆ పొగ, దానితోపాటు ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు, గొట్టంలో వెనక్కి తిరిగి గదిలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఈ ఒక్క కారణం చేతనే, సీలింగు సందులు మూయని ఇంట్లో అటక ఫ్యాను పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కాబట్టి ఫ్యాన్ల మాట పక్కన పెట్టి కంతల సంగతి చూద్దాం. లోపలికి వచ్చే గాలికి దారి చూరు కింద ఉండాలి, బయటికి పోయే గాలికి దారి నడికొప్పులో, అంటే కప్పు రెండు వాలులూ కలిసే చోట ఉండాలి. ఎంత ఉండాలన్న దానికి నిర్మాణ నియమావళుల్లో స్థిరపడిన నిష్పత్తి ఒకటి ఉంది: అటక నేల వైశాల్యంలో నూటయాభయ్యో వంతు నికర ఖాళీ. ఆ ఖాళీ పైనా కిందా ఇంచుమించు సమానంగా పంచి ఉంటే మూడువందలో వంతుతో సరిపెట్టుకోవచ్చని సడలింపు. అయితే ఈ మూడువందలో వంతు లెక్క అమెరికాలో 1942 నాటి ప్రభుత్వ గృహ ప్రమాణాల్లోకి వచ్చింది. దాని ఉద్దేశం చలికాలంలో అటకలో చెమ్మ పట్టకుండా చూడటమే గాని, వేసవి వేడిని తగ్గించడం కాదు. ఆ సంగతి మరచి చాలామంది దాన్నే వేసవికీ కొలబద్దగా వాడుతున్నారు. మీ అవసరం వేడి కాబట్టి పెద్ద లెక్కనే తీసుకోండి.

900 చదరపు అడుగుల్లో నూటయాభయ్యో వంతు ఆరు చదరపు అడుగులు: కింద మూడు, పైన మూడు. ఇది నికర ఖాళీ. జాలీ తీగలు, ఏటవాలు రెక్కలు చాలా సందర్భాల్లో సగం ఖాళీని తినేస్తాయి కనుక, కోయవలసింది కింద ఆరు, పైన ఆరు. అంకె పెద్దదిగా కనిపించినా మీ ఇంటి కొలతలకు సులువుగానే ఇముడుతుంది. 36 అడుగుల పొడవున రెండు చూరుల కిందా అంగుళం వెడల్పు గాడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తీస్తే సరిగ్గా ఆరు చదరపు అడుగులు వస్తుంది. నడికొప్పు పొడవునా రెండు వాలుల్లోనూ పలకలను ఒక్కొక్క అంగుళం కోసినా అంతే వస్తుంది. ఆ గాడి మీద కొప్పు పెంకులను కొద్దిగా ఎత్తి కూర్చోబెట్టి, జల్లు లోపలికి కొట్టకుండా లోపల అడ్డుపట్టీ ఉండేలా చేయించాలి. ఈ పని వచ్చినవారి చేతనే చేయించండి, ఎందుకంటే కొప్పు దగ్గర చేసిన పొరపాటు మొదటి వానలోనే సీలింగు మీద మరకై కనిపిస్తుంది. జాలీకి పావు అంగుళం కన్ను చాలు, ఎలుకలూ పక్షులూ రాకుండా ఆపుతుంది. దోమతెరలాంటి సన్నని జాలీ వేస్తే రెండేళ్లలో దుమ్ము పేరుకుని గోడతో సమానమవుతుంది.

చూరు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని ఇళ్లలో బయట నిలబడి తల ఎత్తి చూస్తే చూరు పలకకు వరసగా అందమైన జాలీలు బిగించి ఉంటాయి. అటకలోకి పాకి లోపలి నుంచి చూస్తే ఒక్కదాని వెనక కూడా వెలుతురు కనిపించదు. జాలీలు మేకులతో కొట్టారు గాని, వాటి వెనక పలకను కోయలేదన్నమాట. కోసినా మిగిలిపోయిన చెక్క తుక్కు గానీ, పాత గోనె సంచులు గానీ అడ్డం పడి ఉంటాయి. పని పూర్తయ్యాక పగటిపూట అటకలో దీపం ఆర్పి చూడండి. రెండు చూరుల వెంటా సన్నని వెలుతురు గీత తెగకుండా కనిపించాలి. కనిపించేదాకా మేస్త్రీకి చివరి వాయిదా చెల్లించనవసరం లేదు.

నడికొప్పు తెరిచాక త్రికోణపు గోడల్లోని పాత కంతలను మూయించండి. ఉన్న కంతను మూయడమేమిటని మేస్త్రీ వాదించవచ్చు. గాలి ఎప్పుడూ దగ్గరి దారే వెతుక్కుంటుంది. కొప్పుకు దగ్గరలో గోడ కంత ఉంటే దాని నుంచి వచ్చి కొప్పు నుంచి పోతుంది, చూరు నుంచి రావలసిన గాలి రాదు, అటక కింది భాగమంతా ఎప్పటిలాగే ఉడుకుతూ ఉంటుంది. ఏ కారణం చేతనైనా నడికొప్పును కోయడం కుదరదంటే అప్పుడు కథ వేరు: గోడ కంతలనే వీలైనంత పైకి, వీలైనంత పెద్దవిగా చేయించి వాటినే బయటికి పోయే దారిగా వాడుకోవచ్చు. గాలికి తిరిగే గుండ్రటి టర్బైన్లు పెట్టినా తప్పు లేదు. గాలి వీచనప్పుడు అవి కంతలుగా మాత్రమే పనిచేస్తాయని తెలిసి పెట్టుకోవాలి, అంతే.

ఇక సెగకు మందు. మీరు ముఖానికి అడ్డం పెట్టుకున్న అట్ట ముక్కనే కప్పంతటికీ పెట్టడం. అందుకు అట్ట కాదు, అల్యూమినియం ఫాయిల్ అంటించిన పొర కావాలి, ఎందుకంటే మెరిసే అల్యూమినియం తాను వేడెక్కినా ఆ వేడిని సెగగా బయటికి వదలడం చాలా తక్కువ. సాధారణ చెక్క, జిప్సం వంటివి వదలగలిగినదాంట్లో తొంభై శాతం దాకా వదిలితే, శుభ్రమైన ఫాయిల్ వదిలేది ఐదు శాతం దగ్గర ఉంటుంది. పైన వేసిన లెక్కలో అవే ఉష్ణోగ్రతల వద్ద ఫాయిల్ ముఖం నుంచి కిందికి దిగేది 130 వాట్ల బదులు 8 వాట్లు. పెద్ద యంత్రాలూ కరెంటూ లేకుండా సెగలో ఇంతటి తేడా తెచ్చే పని అటకలో ఇంకొకటి లేదు. ఈ పొరను వాసాల అడుగున, మెరిసే ముఖం కిందికి ఉండేలా, స్టేపుల్ పిన్నులతో బిగించాలి. పలకలకూ ఫాయిల్‌కూ నడుమ వాసం మందం మేరకు ఖాళీ మిగులుతుంది. చూరు నుంచి వచ్చే గాలి ఆ ఖాళీలో ఎక్కి కొప్పు గాడిలో నుంచి పోయేలా పైనా కిందా కొన్ని అంగుళాలు ఫాయిల్ లేకుండా వదిలేయాలి. సులువని చెప్పి కొందరు దాన్ని అటక నేల మీద పరుస్తారు. ఒకటి రెండేళ్లలో దుమ్ము కప్పేసి మెరుపు పోతుంది, మెరుపు పోయిన ఫాయిల్ మామూలు రేకుతో సమానం. ఏదైనా గట్టి ఉపరితలానికి ఆనించి అంటించినా ఆ వైపు ప్రయోజనం ఉండదు, దాని ముందు గాలి ఖాళీ ఉండి తీరాలి. ఫాయిల్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి అటకలో తొడుగు చిరిగిన పాత వైర్లు ఉంటే ముందు వాటి సంగతి చూడండి.

సీలింగు మీద ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, లేదని మీ ఉత్తరం బట్టి అనుకుంటున్నాను. నాలుగు అంగుళాల గ్లాస్ ఊల్ (గాజు నారల దుప్పటి) లేదా రాక్ ఊల్ (రాతి నారల దుప్పటి) పరిస్తే, ఏమీ లేని జిప్సం సీలింగు గుండా దిగే వేడి సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. మరో నాలుగు అంగుళాలు వేస్తే ఆ మిగిలినది సగమవుతుంది. మొదటి నాలుగు అంగుళాలే అసలు పని చేస్తాయి కాబట్టి అంతటితో ఆగినా నష్టం లేదు. దాన్ని అదిమి పరచకూడదు, దాని మీద సామాను పెట్టకూడదు; వేడిని ఆపేది ఆ నారల మధ్య చిక్కిన గాలే. చూరు దగ్గర అది గాలి గాడిని మూసేయకుండా, అక్కడ ప్రతి రెండు వాసాల మధ్యా ఒక పలుచని పలకను ఏటవాలుగా అమర్చి, కప్పు చెక్కకూ దానికీ రెండు అంగుళాల సందు మిగిలేలా చూడాలి. సీలింగులో దించిన దీపాలు ఉంటే, ఇన్సులేషన్‌తో కప్పవచ్చని వాటి మీద రాసి ఉంటేనే కప్పండి. లేకపోతే వేడి పోయే దారి లేక మంట పుట్టవచ్చు.

ఇన్సులేషన్ పరిచే ముందే, పరిచాక మళ్లీ చేరుకోవడం కష్టం కనుక, సీలింగు సందులన్నీ మూయించండి. ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలంటే గదిలో ఫ్యాన్లు ఆపి, సన్నని కాగితపు ముక్కను దారానికి కట్టి దీపాల అంచుల దగ్గర, అటక మూత చుట్టూ పట్టుకోండి. ఊగిన చోట సందు ఉన్నట్టు. పొగ పెట్టి వెతకమని కొందరు సలహా ఇస్తారు. ఎండిన చెక్కా దుమ్మూ నిండిన అటక దగ్గర నిప్పుతో పని వద్దు. అన్నింటికంటే పెద్ద సందు సాధారణంగా అటక మూతే. పలుచని ప్లైవుడ్ ముక్క దాని బరువుతోనే ఆనుకుని ఉంటుంది, చుట్టూ వేలు దూరేంత ఖాళీ. అంచులకు రబ్బరు పట్టీ, మూత పైముఖాన ఇన్సులేషన్ ముక్క అంటించి, మూత బిగుసుకునేలా రెండు గొళ్లేలు పెట్టిస్తే చాలు. స్నానాల గది ఎగ్జాస్ట్ గొట్టాన్ని అటకలోకే వదిలి ఉంటే దాన్ని తప్పనిసరిగా బయటికి పొడిగించండి. ఆ ఆవిరి అటకలో చెక్కను కుళ్లబెడుతుంది.

కప్పు రంగు సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. ముదురు పెంకు తన మీద పడిన ఎండలో తొంభై శాతం వరకు పీల్చుకుంటుంది, కొత్త తెల్లని పూత ఇరవై ముప్పై శాతమే పీల్చుకుంటుంది. వేడిని పుట్టకముందే ఆపుతుంది కాబట్టి సిద్ధాంతరీత్యా అదే మొదటి స్థానంలో ఉండాలి. బాగున్న పెంకులకు పూత వేయించడం మాత్రం ఖర్చుతో కూడిన పని, మాసినప్పుడల్లా మళ్లీ చేయించాలి. ఎప్పుడైనా పెంకులు మార్చవలసి వస్తే లేత రంగువి ఎంచుకోండి.

పనులన్నీ ఒకేసారి చేయించలేకపోతే నేనైతే ఈ వరసలో వెళ్తాను: ముందు సందులు, వెంటనే ఇన్సులేషన్, తర్వాత చూరూ కొప్పూ, చివర ఫాయిల్. మొదటి రెండింటితోనే పైగదుల్లో తేడా తెలుస్తుంది. అటకలో పని తెల్లవారుజామున మాత్రమే పెట్టుకోండి. 56 డిగ్రీల్లో మనిషి అరగంటలో సొమ్మసిల్లిపోగలడు. అడుగు దూలాల మీదే వేయాలి, జిప్సం పలక మనిషి బరువు ఆపదు. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి.

కొలవడం మానకండి. ఇంతకుముందులాగే మూడు గంటలకు అటక, బయటి నీడ రెండూ రాసుకోండి, వాటితోపాటు రాత్రి తొమ్మిదికి పైగది సీలింగు ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. అటక గాలి 56 నుంచి 48కి దిగినా సీలింగు అంకె కదలకపోతే ఉక్క పోయింది గాని సెగ అలాగే ఉందని అర్థం, అప్పుడు ఫాయిల్ పనిని వాయిదా వేయవద్దు. రాత్రి బయటి గాలి గది గాలి కంటే చల్లబడిన వెంటనే కిటికీలు తెరవండి, అంతకుముందు తెరవవద్దు.

ఆ ఫ్యానును దుకాణం వారు వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి. తీసుకోకపోతే పై పనులన్నీ అయ్యాక ఒక వేసవి చూడండి. అప్పటికీ అటక గాలి బయటికంటే పది డిగ్రీలకు మించి ఎక్కువగా ఉండి, సీలింగులో సందు ఒక్కటీ మిగలలేదని కాగితపు ముక్కతో తేల్చుకున్నాక, ఆ ఒక్క ఫ్యానునే థర్మోస్టాట్‌తో, అంటే వేడిని బట్టి దానంతటదే నడిపే, ఆపే స్విచ్చుతో, బిగించవచ్చు. దానికి ఐదు చదరపు అడుగుల నికర ఖాళీ కావాలి, మీ చూరుల్లో ఉండేది మూడే కనుక, తక్కువ వేగంలో తిరిగేలా పెట్టించండి. కొప్పు గాడికి దగ్గరలో బిగిస్తే అది చూరు గాలిని వదిలి కొప్పు గాలినే లాగుతుంది కాబట్టి, ఫ్యాను తిరిగేటప్పుడు కొప్పు గాడిని మూసే ఏర్పాటు కూడా చేయించాలి. ఇంత తతంగం అవసరమయ్యే పరిస్థితి మీకు వస్తుందని మాత్రం నేను అనుకోవడం లేదు.